కాలర్ కింది గుడ్డ

ఫిబ్రవరి 8, ఆదివారం

కొలతల పుస్తకంలో వెనక నలభై పేజీలు ఖాళీగా ఉన్నాయి. ముందు వైపు నుంచి జనం భుజాలు, నడుములు, చేతుల పొడవులు. వెనక వైపు నుంచి నేను. ఎవరితోనైనా చెప్పుకుంటే సరిపోయేది. కానీ షాపులో ఉండేది కటింగ్ మాస్టారు ఒక్కరే, ఆయనకు ఒక చెవి మిషన్ చప్పుడుకే పోయింది. ఇంట్లో అమ్మకు చెబితే సాయంత్రానికల్లా ఊరంతా తెలుస్తుంది. అందుకని ఇలా.

ఈరోజు వీధి చివర మంగలి షాపు అద్దానికి కాగితం అతికించారు. 'ఇచ్చట గొంతు కటింగ్ చేయబడును.' కొత్తవాడెవడైనా చూస్తే పోలీసులకు ఫోన్ చేస్తాడు. గొంతు అంటే మా చిన్నోడు, నా తమ్ముడు, పాటలు పాడతాడు. మెరూన్ జట్టు గ్రౌండ్‌లో ఉత్తరం గ్యాలరీలో వాడి అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ వాడు గొంతే. మెడ వెనక రెండు వేళ్ళ వెడల్పున నున్నగా గీయించుకుంటాడు, కాలర్ ఎత్తితే జుట్టు అడ్డం రాకుండా. ఇప్పుడు ఊళ్ళో కుర్రాళ్ళందరికీ అదే కావాలట.

నడుము దగ్గరే ఆగిపోయే బూడిదరంగు జాకెట్, చీలమండ కనబడే ప్యాంటు, తెల్ల కాన్వాసు బూట్లు, వాటికి మెరూన్ లేసులు. ఒక్క బస్సులో తొమ్మిది మందిని చూశాను. ఆ జాకెట్ నాది. వాడు మొదటిసారి స్టేజీ ఎక్కేటప్పుడు నేను కుట్టి ఇచ్చింది. దాన్ని చూసి రెండు వందల మంది మా షాపులో కుట్టించుకున్నారు. బటన్‌హోల్ దగ్గర నా కుట్టు నాకు దూరం నుంచే తెలుస్తుంది.

గర్వంగా ఉంది. రాసుకోవడానికి సిగ్గెందుకు, ఇక్కడ ఎవరు చూస్తారు.

ఫిబ్రవరి 10, మంగళవారం

నాన్న మఫ్లర్ కనబడటం లేదని అమ్మ అడిగింది. బీరువాలో చూడమన్నాను. చూసిందట.

ఫిబ్రవరి 12, గురువారం

పత్రికలో చిన్నోడి ఫోటో వచ్చింది. పక్కన వాడు చెప్పినవన్నీ వేశారు. తాను మెరూన్ గ్యాలరీ కింద పుట్టాడట. నాన్న భుజాల మీద కూర్చుని మెరూన్ జట్టు ఆటలు చూశాడట. ఆ పాట కూడా ఆ భుజాల మీదే పుట్టిందట. అమ్మ ఆ కాగితాన్ని చదివి, మడిచి, దిండు కింద పెట్టుకుంది. మా అమ్మ మాట్లాడకపోవడం అంటే సూర్యుడు ఉదయించకపోవడం.

నిజం ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. నాన్న మెరూన్ గ్రౌండ్ గేటు కూడా దాటలేదు. ఇరవై ఆరేళ్ళు నీలం జట్టు గ్రౌండ్‌లో సున్నంతో గీతలు గీశాడు. ఇంటికొచ్చినా గోళ్ళలో సున్నం. నీలం మఫ్లర్ ఎండాకాలంలో కూడా మెడకే. వానొస్తే గొడుగు పట్టుకునేవాడు కాదు, చొక్కా కాలర్ ఎత్తుకుని నడిచేవాడు. మా ఇద్దరి చేతులూ పట్టుకుని, "కాలర్ ఎత్తుకోండి, ఇల్లు దగ్గరే" అనేవాడు. ఇల్లు దగ్గరేం కాదు, గంట నడక.

'కాలర్ ఎత్తుకో నేస్తం, ఇల్లు దగ్గర్లోనే ఉంది.' చిన్నోడు రాసిన పాట అది. నాన్న చనిపోయిన ఏడాది రాశాడు, నా ముందు కూర్చుని, ఏడుస్తూ. వాళ్ళ బ్యాండు సాధన చేసుకోవడానికి దొరికిన గోడౌన్ మెరూన్ గ్రౌండ్ వెనక ఉంది కాబట్టి మొదట విన్నది ఆ కుర్రాళ్ళు. చప్పట్లు కొట్టిందీ వాళ్ళే. ఎవరు చప్పట్లు కొడితే వాళ్ళే మనవాళ్ళనిపించే వయసు వాడిది. ఆ తర్వాత పాటను గ్యాలరీ ఎత్తుకుపోయింది. నేస్తమూ పోయాడు, ఇల్లూ పోయింది. మిగిలింది రెండే ముక్కలు: కాలర్ ఎత్తు.

ఫిబ్రవరి 15, ఆదివారం

మెరూన్ గ్రౌండ్ మా ఇంటికి రెండు వీధుల అవతలే. కిటికీ మూసినా వినబడుతుంది. 'కాలర్ ఎత్తు' అని పన్నెండు వేల గొంతులు. ఒక్క ఊపిరి పట్టేంత సేపు ఏమీ ఉండదు, ఆ సందులో అందరూ కాలర్లు పైకి లేపుతారు. జాకెట్ కాలర్ కింది వైపు మెరూన్ కదా, ఒక్కసారిగా గ్యాలరీ అంతా రంగు మారిపోతుందట. అప్పుడు అరుపు. మా గిన్నెల స్టాండు గలగలమంటుంది. అమ్మ కూరగాయలు తరుగుతూనే ఊపిరి పట్టి, అరుపు రాగానే వదులుతుంది. అలవాటైపోయింది.

ఎత్తనివాడు ఒక్కడే, మా చిన్నోడు. రెండు చేతులూ గిటార్ మీద ఉంటాయి కదా.

ఈరోజు కూడా గెలిచారు. వాడు ఆ జాకెట్ తొడిగినప్పటి నుంచి మెరూన్ జట్టు ఓడలేదు, పద్నాలుగు ఆటలు. అందుకని జాకెట్ ఉతకకూడదట. దానికి సూది తగలకూడదట. ఇంటికి కూడా తెచ్చుకోనివ్వరు. గ్యాలరీ వాళ్ళ గదిలో హ్యాంగర్‌కు తగిలించి తాళం వేస్తారు. తాళంచెవి మేస్త్రి దగ్గర ఉంటుంది. మేస్త్రి నిజంగానే తాపీమేస్త్రి. ఉత్తరం గ్యాలరీ మొత్తం ఆయన చెప్పుచేతల్లో ఉంటుంది.

"చెమట కంపు కొట్టదురా?" అని అడిగాను.

"అది అదృష్టం వాసన అక్కా," అన్నాడు వెధవ.

ఫిబ్రవరి 23, సోమవారం

నిన్న ఆట మధ్యలో ఒక కాలేజీ కుర్రాణ్ణి కొట్టారు. వేరే గ్యాలరీవాళ్ళు కాదు, పక్కన నిలబడినవాళ్ళే. కాలర్ ఎత్తితే కింద నీలం కనబడిందట. ముప్ఫై మంది కలిసి మెట్ల మీంచి కిందికి తెచ్చారట. తెచ్చారు అని పేపర్లో రాశారు. ఎలా తెచ్చారో రాయలేదు.

ఎవడో నీలం వాడు వేళాకోళానికి వచ్చి ఉంటాడు. లేదా డూప్లికేట్ జాకెట్. బజారులో ఇప్పుడు అన్నీ డూప్లికేట్లే.

ఫిబ్రవరి 24, మంగళవారం

డూప్లికేటే అయి ఉంటుంది.

ఫిబ్రవరి 25, బుధవారం

డూప్లికేట్ కాదు.

జాకెట్ కాలర్ నిలబడాలంటే కింద మందపాటి ఫెల్ట్ గుడ్డ వేయాలి. అది ఎప్పుడూ మెడకు ఆనుకుని లోపలే ఉంటుంది, తొడుక్కున్నవాడికే కనబడదు. మా వృత్తిలో ఎవరైనా అక్కడ మిగులు ముక్కే వేస్తారు. ఏ దర్జీనైనా అడగండి. చిన్నోడి జాకెట్ తర్వాత వచ్చినవాళ్ళు మెరూన్ అడిగారు, మెరూన్ వేశాను. డిసెంబరులో ఆఖరి బ్యాచి కుట్టేటప్పుడు మెరూన్ ఫెల్ట్ అయిపోయింది. స్కూలు బ్లేజర్లు కుట్టగా మిగిలిన నీలం ముక్కలు అలమరలో ఉన్నాయి.

మాస్టారు చూసి, "రంగు మారింది అమ్మాయ్, చూసుకున్నావా?" అన్నారు.

"లోపల ఎవరు చూస్తారు మాస్టారూ," అన్నాను.

అప్పటికి కాలర్ ఎత్తడం లేదు. జనవరిలో మొదలైంది. అప్పటికి పాట ఉందంతే. నాకెలా తెలుస్తుంది?

పదకొండు జాకెట్లు.

ఫిబ్రవరి 27, శుక్రవారం

ఆసుపత్రికి వెళ్ళాను. గ్యాలరీ తరఫున వచ్చిన దాన్ననుకుని నర్సు లోపలికి పంపించింది. నేను కాదనలేదు.

కుర్రాడికి ఇరవై కూడా ఉండవు. దవడకు తీగలు కట్టారు. కుడి చెవి వినబడదట. మెడ వెనక రెండు వేళ్ళ వెడల్పున నున్నగా గీసి ఉంది. మంచం పక్కన వాళ్ళ పెద్దమ్మ కూర్చుని ఉంది. నేను గొంతు వాళ్ళ అక్కనని తెలియగానే ఆమె లేచి నాకు కుర్చీ ఇచ్చింది. నేను కూర్చున్నాను. కూర్చోవడం ఏమిటి అసలు.

వాడు కాగితం మీద రాసి చూపించాడు. 'అక్కా, జాకెట్ భుజం దగ్గర చిరిగింది. మళ్ళీ కుడతారా? తప్పు నాదే, కొనేటప్పుడు చూసుకోవాల్సింది.'

సంచిలో పెట్టి ఇచ్చారు. ఇంటికి తెచ్చాక బటన్‌హోల్ చూశాను. నా కుట్టే.

మార్చి 2, సోమవారం

మేస్త్రి షాపుకొచ్చాడు. బూట్లు బయట విడిచి వచ్చాడు, అంత మర్యాద. నలభై ఐదేళ్ళ మనిషి, గోడలు మోసే చేతులు, చిన్నపిల్లాడి గొంతు. మాట్లాడుతూనే బొమ్మకు తొడిగిన జాకెట్ దగ్గరికి వెళ్ళి రెండు వేళ్ళతో కాలర్ పైకి లేపాడు. మెరూన్. వేళ్ళతోనే సర్ది అలా నిలబెట్టేశాడు. గ్యాలరీలో కూడా అంతే చేస్తాడట. ఎవడి కాలర్ పడుకుని ఉన్నా దగ్గరికెళ్ళి ప్రేమగా తనే లేపుతాడట.

"చెల్లెమ్మా, నీలం గుడ్డ ఎవరు పెట్టారు?"

"సరుకు ఇచ్చినవాళ్ళు కలిపేసినట్టున్నారు," అన్నాను.

"అయ్యుండొచ్చు. మరి కోసేవాళ్ళు చూడరా?"

"కటింగ్ మాస్టారు చూస్తారు."

అంతే అన్నాను. అబద్ధం కాదు కదా, కటింగ్ చేసేది మాస్టారే. ఆయన ఆ గది చివర గుడ్డ మీద సుద్దతో గీస్తున్నారు. వినబడలేదు, వినబడని చెవి ఇటు ఉంది.

మేస్త్రి అటు చూసి, తలూపి, బూట్లు వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "అవునూ, మీ నాన్నగారు మా గ్యాలరీలో ఏ మెట్టు మీద కూర్చునేవారు?" అన్నాడు.

"మూడో మెట్టు," అన్నాను.

"మూడోదా? గొంతు ఏడోదన్నాడే." నవ్వాడు. "పోనీలే, పెద్దవాళ్ళు అటూ ఇటూ మారుతుంటారు."

మార్చి 4, బుధవారం

బటన్లకు వాడిన దారం నాసిరకం, డిసెంబరులో కుట్టించుకున్నవాళ్ళు తెస్తే ఊరికే గట్టి చేసి ఇస్తామని బోర్డు పెట్టాను. కొలతల పుస్తకంలో అందరి నంబర్లూ ఉన్నాయి, నేనే ఫోన్లు చేశాను. ఈరోజు ముగ్గురు వచ్చారు. కాఫీ తాగి రమ్మని పంపించి, కాలర్ కుట్లు విప్పి, నీలం తీసి, మెరూన్ వేసి, మళ్ళీ కుట్టాను. ఒక్కోదానికి ఇరవై నిమిషాలు.

ఒకడు, "బటన్లకు ఇంతసేపా అక్కా?" అన్నాడు.

"నీ పెళ్ళికి సూటు కూడా ఇలాగే నిదానంగా కుడతాను, రా," అన్నాను. నవ్వాడు. తీసిన నీలం ముక్కను కాలితో బల్ల కిందికి తోశాను.

మార్చి 6, శుక్రవారం

ఏడు.

మార్చి 9, సోమవారం

పది అయ్యాయి. ఆసుపత్రిది కలిపితే పదకొండు. అన్నీ వచ్చేశాయి. తీసిన నీలం ముక్కలు పొయ్యిలో వేశాను. ఫెల్ట్ కాలితే జుట్టు కాలిన వాసన వస్తుంది.

మాస్టారు శనివారం నుంచి రావడం లేదు. జ్వరమేమో.

మార్చి 12, గురువారం

జ్వరం కాదు.

మాస్టారు వచ్చారు. కూర్చోలేదు. తన పెద్ద కత్తెర తీసుకుని గుడ్డలో చుట్టుకున్నారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ కత్తెర ఆ మేకుకే వేలాడింది. గోడ మీద దాని ఆకారం మరకలా ఉండిపోయింది.

మాస్టారి పక్కింటి దర్జీ భార్య చెప్పింది. శుక్రవారం సాయంత్రం వాళ్ళ వీధికి వచ్చారట, పాతిక మంది. కొట్టలేదట. ముట్టుకోనేలేదట. ఆయన్ని వీధి మధ్యలో నిలబెట్టి పాట పాడమన్నారట. ఆయనకు పాట రాదు. వచ్చేదాకా నేర్పించారట, లైన్ తర్వాత లైన్, భార్యా కూతురూ చూస్తుండగా. 'కాలర్ ఎత్తు' దగ్గర ఆయన చేతులు లేవకపోతే మేస్త్రి తనే దగ్గరికెళ్ళి రెండు వేళ్ళతో ఆ ముసలాయన చొక్కా కాలర్ ఎత్తి నిలబెట్టాడట.

"మాస్టారూ, మీరు వాళ్ళతో ఏం చెప్పారు?" అని అడిగాను. సిగ్గులేకుండా అడిగాను.

"చూసుకోలేదు, పొరపాటు నాదే అన్నాను," అన్నారు. నా మొహం వైపు చూడలేదు. "నీకు తమ్ముడు ఉన్నాడు కదమ్మా వాళ్ళ మధ్య."

అందుకే అలా చెప్పారు. నేను ఆయన్ని చూపించిన సంగతి ఆయనకు తెలుసు. చెవి వినబడకపోతే మొహాలు చదవడం వస్తుంది మనిషికి.

మార్చి 17, మంగళవారం

చిన్నోడు ఎగురుకుంటూ వచ్చాడు. ఇరవై తొమ్మిదో తేదీ ఆఖరి ఆట, నీలం జట్టుతో, మన గ్రౌండ్‌లో. మన గ్రౌండ్ అన్నాడు. ఆటకు ముందు మైదానం మధ్యలో నిలబడి వాడొక్కడే పాడాలట. బ్యాండు లేదు, గిటార్ లేదు. చేతిలో మైకు, అంతే.

"మొదటిసారి నేను కూడా కాలర్ ఎత్తుతానక్కా! గ్యాలరీ మొత్తం నా వెనక ఉంటుంది, నా వీపు చూస్తూ!"

"గిటార్ లేకుండా బాగోదురా," అన్నాను.

మార్చి 18, బుధవారం

పదకొండూ వచ్చేశాయి. పదకొండే.

మార్చి 19, గురువారం

పదకొండే.

మార్చి 20, శుక్రవారం

సరే, రాస్తాను.

మొదటి జాకెట్ చిన్నోడిది. అప్పటికి మెరూన్ కాలర్లూ లేవు, గ్యాలరీ గోలా లేదు, షాపు నిండా కుర్రాళ్ళూ లేరు. కాలర్ కింద ఏ రంగు ఉండాలో అడిగేవాడే లేడు. బూడిదరంగు ఫెల్ట్ చేతిలోనే ఉంది. కానీ ఆ వారమే వాడు నాతో అన్నాడు, "మెరూన్ వాళ్ళ ముందు పాడతాను, నాన్న సంగతి ఎక్కడా చెప్పకు," అని. ఒళ్ళు మండిపోయింది. ఆ పాట ఎవరిదిరా, ఆ వాన ఎవరిదిరా? పైకి ఏమీ అనలేదు. బీరువాలోంచి నాన్న మఫ్లర్ తీశాను. కత్తిరించాను. అది అల్లిక గుడ్డ, నిలబడదు కాబట్టి లోపల గట్టి గుడ్డ పెట్టి మరీ కుట్టాను. నీలం మీద తెల్ల దారంతో జట్టు గుర్తు అల్లి ఉంటుంది కదా, ఆ గుర్తు సరిగ్గా మెడ మధ్యకు వచ్చేలా కొలిచి పెట్టాను.

కోపంతో చేశానా, ప్రేమతో చేశానా అంటే చెప్పలేను. నాన్న వాడి మెడ మీద చెయ్యి వేసినట్టు ఉంటుందనుకున్నాను. ఎవరు చూస్తారు అనుకున్నాను. ఎప్పుడూ అదే మాట నాది.

పదకొండు పొరపాటు. పన్నెండోది పొరపాటు కాదు.

మార్చి 23, సోమవారం

గ్యాలరీ గదికి వెళ్ళాను. గోడలన్నీ ఫోటోలు. మధ్యలో హ్యాంగర్‌కు చిన్నోడి జాకెట్, పైన బల్బు. కాలర్ కిందికే ఉంది.

"చేతి దగ్గర కుట్టు ఊడుతోంది, ఒక్క గంట ఇస్తే బాగు చేసి తెస్తాను," అన్నాను.

"సూదా?" అన్నాడు మేస్త్రి. లేచి నాకూ హ్యాంగర్‌కూ మధ్య నిలబడ్డాడు. "చెల్లెమ్మా, పంతొమ్మిది ఆటలైంది ఓడి. ఆదివారం సాయంత్రం తర్వాత నువ్వు దాన్ని కోసి మసిగుడ్డ చేసుకో. అప్పటిదాకా దారప్పోగు కూడా కదలకూడదు. నేను కూడా దాన్ని ముట్టుకోను, తెలుసా? హ్యాంగర్ పట్టుకునే అందిస్తాను."

అంతవరకు వాళ్ళెవరూ ఆ కాలర్ ఎత్తి చూడకపోవడానికి కారణం అదొక్కటే. వాళ్ళ నమ్మకమే వాణ్ణి కాపాడుతోంది.

తిరిగొచ్చేటప్పుడు గేటు దాకా నా వెంట వచ్చాడు. "నీలం గ్రౌండ్‌లో ఒకాయన ఉండేవాడట, గీతలు గీసేవాడు," అన్నాడు. "మా చిన్నప్పుడు వానలో కూడా గీసేవాడు, పిచ్చోడు. నీకేమైనా తెలుసా?"

"తెలియదు," అన్నాను.

నాన్నా, తెలియదన్నాను.

మార్చి 26, గురువారం

అమ్మ మళ్ళీ మఫ్లర్ కోసం వెతుకుతోంది. సంవత్సరీకం దగ్గరపడుతోందిగా.

మార్చి 28, శనివారం

చెప్పేశాను.

మధ్యాహ్నం వాడు ప్యాంటు ఇస్త్రీ చేయించుకోవడానికి షాపుకు వచ్చాడు. షట్టర్ సగం దించాను. ఇస్త్రీ బల్లకు ఇటు నేను, అటు వాడు. ఆసుపత్రి కుర్రాడి సంగతి, మాస్టారి సంగతి, పదకొండు జాకెట్ల సంగతి, ఆఖరికి పన్నెండోది. వాడు వింటున్నంతసేపూ ఇస్త్రీ పెట్టె ప్యాంటు మీదే ఉంచాను. కాలిపోయింది.

వాడు అరుస్తాడనుకున్నాను. మెడ వెనక, గీయించుకున్న చోట, చేత్తో తడుముకున్నాడు.

"నాన్నదా?"

"ఆఁ."

"ఇన్నాళ్ళూ నా మెడ మీదే ఉందా?"

"నీ మీద కోపంతో పెట్టానురా. క్షమించు."

ఏడుస్తాడు అనుకుంటే నవ్వాడు, కళ్ళనిండా నీళ్ళతోనే. "పంతొమ్మిది ఆటలు నెగ్గించింది నాన్నన్నమాట. మెరూన్ వాళ్ళని! తెలిస్తే సున్నం డబ్బా నెత్తిన పోసుకుని చచ్చేవాడు."

ఇద్దరం నవ్వాం. ఎన్ని నెలలైందో.

"రేపు వెళ్ళకురా. జ్వరమని చెబుదాం."

"వెళ్ళకపోతే వాళ్ళు ఇంటికొస్తారు అక్కా. అమ్మ ఉంది." లేచి నిలబడి చేసి చూపించాడు. "ఎడమ చేతిలో మైకు, కుడి చెయ్యి జేబులో. కాలర్ ఎత్తను. అడిగితే అదొక స్టైల్ అంటాను. వచ్చేవారం నుంచి ఊళ్ళో ప్రతివాడూ జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడకపోతే చూడు."

అవును, వాడు ఏది చేస్తే అది స్టైల్. కాలర్ దించుకుంటే అందరూ దించుకుంటారు. ఎందుకు దించుకోరు.

"ఎల్లుండి తెచ్చెయ్, విప్పేస్తాను," అన్నాను.

"విప్పకు," అన్నాడు.

కాలిన ప్యాంటుకు బదులు వేరేది సరిచేసి ఇచ్చాను. వెళ్ళేటప్పుడు, "మాస్టారింటికి వెళ్దాం, ఇద్దరం, సోమవారం," అన్నాడు. సరేనన్నాను. చాలా రోజుల తర్వాత తేలిగ్గా ఉంది.

మార్చి 29, ఆదివారం

పన్నెండు గంటలకు భోంచేసి వెళ్ళాడు. బూట్లు సున్నం కొట్టినంత తెల్లగా తుడుచుకున్నాడు. లేసులు రెండుసార్లు విప్పి కట్టుకున్నాడు. అమ్మ గుమ్మం దాకా వెళ్ళి, మబ్బు పట్టింది, గొడుగు తీసుకెళ్ళమంది. "ఎందుకమ్మా, ఇల్లు దగ్గరేగా," అన్నాడు.

మూడున్నర. కిటికీ తెరిచి కూర్చున్నాను. వీధిలో ఒక్క పురుగు లేదు. మంగలి షాపు కూడా మూసేశారు.

పుస్తకంలో రెండు పేజీలే మిగిలాయి. అటు వైపు నుంచి ఆసుపత్రి కుర్రాడి కొలతలు వచ్చి ఆగాయి. ఛాతీ ముప్ఫై నాలుగు. మెడ పద్నాలుగు.

మొదలైంది. ఒక్కడి గొంతే వినబడుతోంది. గిటార్ లేకపోతే బాగోదన్నాను కానీ ఇదే బాగుంది. ఆనాడు నా ముందు కూర్చుని పాడినట్టే పాడుతున్నాడు, నిదానంగా, వాన చరణంతో సహా. జనం ఇంకా కలవలేదు. అమ్మ తరగడం ఆపింది.

ఏమీ కాదు. ఎడమ చేతిలో మైకు, కుడి చెయ్యి జేబులో. వెనక గ్యాలరీ. ముందు నీలం వాళ్ళు. మైదానం మధ్యలో వాడొక్కడే.

ఒక్కడే కాదు. జెండా పట్టుకుని పక్కన ఒకరు నిలబడాలని వాడే చెప్పాడు, మొన్నెప్పుడో. జెండా ఎప్పుడూ మేస్త్రిదే.

జెండా పాతి నిలబెడితే చేతులు ఖాళీ అవుతాయి.

జాకెట్ ముట్టుకోనన్నాడు కదా. హ్యాంగర్ పట్టుకునే అందిస్తానన్నాడు. సూది తగలకూడదన్నాడు. ముట్టుకోనన్నాడు. కానీ ఎవడి కాలరైనా పడుకుని ఉంటే ఊరుకోడు. బొమ్మది కూడా వదల్లేదు. వీధి మధ్యలో నిలబెట్టిన మాస్టారిది కూడా వదల్లేదు. ఆఖరి ఆట, పన్నెండు వేల మంది చూస్తుండగా, గొంతు కాలర్ ఒక్కటే కిందికి ఉంటే.

ఇది నిన్న నాకెందుకు తట్టలేదు? ఇద్దరం నవ్వుతూ కూర్చున్నాం.

జనం కలిశారు. పన్నెండు వేలు.

కాలర్ ఎత్తు.

ఊపిరి పట్టాను.

వదిలాను. మళ్ళీ పట్టాను.

వంటింట్లోంచి అమ్మ అడుగుతోంది, "ఏమే, ఇంకా అరవరేం?"